కందులూ పెసలూ కలిపిన మూట

పోయిన వారం నరసరావుపేటలో ఒక ఆసుపత్రి వరండాలో కూర్చుని వచ్చిన దగ్గర్నుంచీ నా మనసు చిర్రుబుర్రులాడుతూనే ఉంది. లోపల నా కూతురి కూతురు నొప్పులు పడుతుంటే, బయట చుట్టాలందరూ దానికంటే ఎక్కువ పడుతున్నారు. ఒకరు తలుపు సందులోంచి తొంగిచూడటం, ఇంకొకరు ఫోన్లో ఊరందరికీ ఇంకా కాలేదని చెప్పడం, మనవరాలి అత్తగారు కనిపించిన ప్రతి నర్సునీ ఆపి, "పిల్ల చానా అల్లాడిపోతుందమ్మా, కోసి తీసెయ్యరాదూ?" అనడం. తల్లీబిడ్డా బాగున్నంతసేపూ తొందరపెట్టొద్దని, తనంతట తానే కంటానని మనవరాలు డాక్టరమ్మతో ముందే చెప్పుకుంది. ఆ ఒక్క కోరికా వీళ్లు సాగనిస్తారా అన్నదే నా బెంగ.

ఈ గోల నాకు కొత్త కాదు. చదువు పూర్తవగానే నన్ను వెల్దుర్తి వైపు ఒక పల్లెకు నర్సుగా వేశారు. మొదటి పురుడు పోయడానికి వెళ్లేసరికి ఆ చిన్న గదిలో అత్త, ఆడబిడ్డ, పిన్నత్త, ఇరుగూ పొరుగూ కిక్కిరిసి, నొప్పి వచ్చినా రాకున్నా ముక్కమ్మా ముక్కమ్మా అని ఒకటే కేకలు. పుస్తకంలో చదివినట్టు నేనూ ఆ అమ్మాయిని మంచంమీద వెల్లకిలా పడుకోబెట్టి, వాళ్ల గొంతుకు నా గొంతు కలిపాను. బెదిరిపోయిన ఆ పిల్లకు వస్తున్న నొప్పులు కాస్తా ఆగిపోయాయి.

అప్పుడొచ్చింది పక్కింటి సాయిబుల అవ్వ, ఆ ఊరి మంత్రసాని. నన్ను ఒక్క మాటైనా అనకుండా, చేటలో కందులూ పెసలూ కలిపి తెచ్చి అత్తగారి ముందు పెట్టి, "బిడ్డ బయటికొచ్చేలోపు ఇయ్యి ఏరిపెట్టండమ్మా, ఏరకపోతే మంచిది కాదు" అంది. ఆడవాళ్లందరూ భయభక్తులతో వాకిట్లో చేట చుట్టూ చేరారు. ఇదెక్కడి మూఢనమ్మకమని నాకు ఒళ్లు మండింది. అవ్వ గది తలుపు వేసి, పిల్లను లేపి నడిపించి, నొప్పి వచ్చినప్పుడల్లా దూలానికి కట్టిన తాడు పట్టుకుని వేలాడమని చెప్పి, నడుం రుద్దుతూ కూర్చుంది. నేను మధ్యమధ్య బిడ్డ గుండె చప్పుడు వింటూ ఉన్నాను. తేడా వస్తే మాచర్ల ఆసుపత్రికి తీసుకుపోవడానికి బండి కట్టించి ఉంచాం గానీ, దాని అవసరం రాలేదు. పొద్దువాలేలోపు బిడ్డ తేలిగ్గా వచ్చేసింది. అవ్వ చెయ్యి కడుక్కుని, అంత కష్టపడి ఏరిన కందుల్నీ పెసల్నీ మళ్లీ కలిపి మూటకట్టేసుకుంటుంటే, అప్పుడు గానీ నా బుర్రకు ఎక్కలేదు. ఆ తర్వాత నేను పనిచేసినంత కాలం, సంచిలో కత్తెర పక్కన నాదీ ఒక మూట ఉండేది. ఎన్ని వందల మంది అత్తగార్లు ఆ గింజలే ఏరారో.

ఇంత తెలిసినదాన్ని గనుకనే, డాక్టరమ్మ మర్యాదిచ్చి మనవరాలి దగ్గరికి నన్నొక్కదాన్నే పంపింది. గంటసేపు బుద్ధిగా నడుం రుద్దాను. ఆ తర్వాత ఏమైందో నాకే తెలియదు. గోడ గడియారం వంక చూడటం, గర్భసంచి మూతి ఎంత తెరుచుకుందని నర్సును గుచ్చి గుచ్చి అడగటం, ఆఖరికి, జీవితమంతా నేను అసహ్యించుకున్న ఆ ముక్కమ్మా అన్న మాట నా నోటి నుంచే వచ్చింది. కిటికీ ఊచ పట్టుకుని ఊగుతున్న మనవరాలు, నేను చెప్పిన కథలు వింటూ పెరిగిన పిల్ల, నొప్పికీ నొప్పికీ మధ్య నా వైపు తిరిగి, "అమ్మమ్మా, నువ్వు బయటికెళ్లి పప్పులేరుకో" అంది. నర్సు నవ్వాపుకుంది. ఒళ్లు మండిపోయినా, చేసేది లేక బయటికొచ్చి బల్లమీద కూర్చున్నాను.

మధ్యాహ్నం కాకముందే ఆడపిల్ల పుట్టింది, వాళ్లమ్మ కోరుకున్నట్టే, నా సాయం లేకుండానే.

ఇప్పుడు పప్పులన్నీ శుభ్రంగా ప్యాకెట్లలో వస్తున్నాయి, ఏరే పని ఎవరికీ లేదు. సుఖమే, కాదనను. కానీ ఆ రెండు గంటలూ ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వియ్యాలవారి పక్కన కూర్చున్నప్పుడు, ఒక్క చేటెడు గింజలు ఎవరైనా తెచ్చి ఒళ్లో పడేస్తే బాగుండునని ఎంతగా అనిపించిందో. మంచిది కాదని భయపెట్టి అయినా సరే, నన్ను అలా కూర్చోబెట్టే అవ్వ ఇప్పుడెక్కడుంది.