మూరెడు దూరం

గోల్ఫ్‌లో ఒక మర్యాద ఉంది. స్నేహితులు సరదాగా ఆడుకునేటప్పుడు ఒకరి బంతి గుంట పక్కకి వచ్చి ఆగిందనుకోండి, పసిపిల్లాడు తోసినా పడేంత దగ్గరగా, అప్పుడు ఎదుటి జట్టువాళ్ళు "తీసెయ్" అంటారు. అంటే కొట్టక్కర్లేదు, పడినట్టే లెక్క, ఇంకో దెబ్బ కలిపి రాసుకుని బంతి జేబులో వేసుకో అని. మామూలుగా జానెడు దూరానికి దక్కుతుంది ఈ మర్యాద. కళ్ళద్దాల షాపాయనకి మాత్రం అది జానెడు నుంచి మూరెడు, మూరెడు నుంచి ఒక్కోసారి బారెడు దాకా పెరిగింది. ఎప్పుడు పెరిగిందో ఆయన గమనించలేదు. తనకి కలిసొచ్చేదాన్ని టేపు పట్టుకుని కొలిచేదెవరు.

ఆయన షాపు బస్సులు ఆగే వీధిలో, మందుల షాపుకీ టైలరు షాపుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ముందు గదిలో గోడ నిండా ఫ్రేములు, వెనక గదిలో అద్దాలు అరగదీసే యంత్రం, ఒక కుర్చీ, ఎదురుగా పెద్దక్షరాల నుంచి చిన్నక్షరాల దాకా దిగే చార్టు. కుర్చీలో కూర్చున్నవాళ్ళ ముక్కు మీద అద్దం మార్చి మార్చి పెట్టి "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా" అని అడగడంతోనే ఆయన వయసు గడిచిపోయింది. "కూరలో ఉప్పు సరిపోయిందా అంటే, నిన్నటి కంటే నయమే అంటారు కానీ బాగుందని చచ్చినా అనరు" అని భార్య దెప్పుతూ ఉంటుంది.

గోల్ఫ్ ఆయనకి షాపు ద్వారానే అంటుకుంది. ఊరి చివర చిన్న మైదానం ఉంది. అక్కడ గడ్డి కత్తిరించే మనిషి కొత్త అద్దాలు పెట్టించుకెళ్ళి మర్నాడే తిరిగొచ్చాడు. "సార్, గుంటలో పాతిన జెండా కర్ర పక్కకి ఒరిగినట్టు కనిపిస్తోంది" అన్నాడు. చార్టు మాత్రం గడగడా చదివేశాడు. అద్దాలాయన షట్టరు దించి అతనితో పాటు మైదానానికే బయల్దేరాడు. చూస్తే ఫ్రేము కాస్త వంకర, అంతే. అక్కడికక్కడే సరిచేశాడు. సరిచేసి వచ్చెయ్యాల్సిన మనిషి, గోడకి ఆనించి ఉన్న గోల్ఫ్ కర్ర ఒకటి అందుకుని బంతిని కొట్టి చూశాడు. మొదట గాలిని కొట్టాడు, తర్వాత నేలని కొట్టాడు. ఆ తర్వాత ఎలా తగిలిందో ఏమో, బంతి లేచింది. దాంతోపాటు ఈయన కూడా లేచిపోయాడని భార్య అంటుంది.

అప్పటినుంచి ఆదివారం పొద్దున అంటే నలుగురి ఆట. అద్దాలాయన, లెక్కల మాస్టారు ఒక జట్టు. పళ్ళ డాక్టరు, భార్య తమ్ముడు ఇంకో జట్టు. ఈ బావమరిదికి రంగుల షాపు ఉంది, ఏ రోజు చూసినా గోళ్ళలో ఏదో ఒక రంగు ఉంటుంది. నలుగురూ ఆడేది తక్కువ, వాదించుకునేది ఎక్కువ.

రెండేళ్ళ కిందట అద్దాలాయన వెనక గదిలో యంత్రం పక్కనే కుప్పకూలాడు. గుండె. ఆపరేషన్ చేశారు. కొన్నాళ్ళకి పెద్ద డాక్టరు గారు "ఇక మీ ఇష్టం, నడవండి, ఆడుకోండి" అన్నాక మళ్ళీ మైదానానికి వెళ్ళడం మొదలుపెట్టాడు. చిత్రం, జబ్బు చేశాక ఆయన ఆట మెరుగుపడింది. మాస్టారు కార్డు మీద వేసే దెబ్బల అంకెలు నెలనెలా తగ్గుతూ వచ్చాయి. గోల్ఫ్‌లో అంకె తగ్గడమంటే మనిషి ఎదగడమే. ఇంటికొచ్చి "చావు తప్పించుకున్నాక చెయ్యి కుదురుకుందే" అనేవాడు భార్యతో. ఆమె సరేలెండి అన్నట్టు తలూపేది.

ఆ ధైర్యంతోనే ఆ ఏడాది మైదానంవాళ్ళు పెట్టిన పోటీకి పేరిచ్చాడు. పోటీలో ఎవరి ఆట వాళ్ళదే, ప్రతి బంతీ గుంటలో పడి తీరాలి. ఆయనతో కలిసి ఆడి లెక్క చూసే పని బ్యాంకులో పనిచేసే ఒకమ్మాయికి పడింది. మొదటి గుంట దగ్గర ఆయన బంతి మూరెడు దూరంలో ఆగింది. ఆయన హాయిగా నడుచుకుంటూ వెళ్ళి, వంగి, బంతి తీసి జేబులో వేసుకున్నాడు.

"అంకుల్, బంతి తీసేశారేంటి?"

"పడినట్టే కదమ్మా."

ఆ అమ్మాయి చుట్టూ చూసింది, ఇదేమైనా వేళాకోళమా అని. తర్వాత మెల్లగా చెప్పింది. "ఇది పోటీ అంకుల్. ఒక దెబ్బ జరిమానా. మళ్ళీ అక్కడే పెట్టి కొట్టాలి."

పెట్టి కొట్టాడు. బంతి గుంట అంచు పట్టుకుని తిరిగి ఇవతలికి వచ్చింది. ఇంకోసారి కొట్టాడు, అవతలికి పోయింది. ఆ రోజంతా అదే వరస. దూరం నుంచి చక్కగా వచ్చే బంతి, గుంట పక్కకొచ్చేసరికి మొండికేసేది. సాయంత్రం బోర్డు మీద ఆయన పేరు అందరికన్నా అడుగున ఉంది. బావమరిది దాని ముందు నిలబడి, ఎవరూ చదవకుండా తన వీపుతో కప్పేశాడు.

ఆ వారమే కోచ్ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ ముప్పై అయిదేళ్ళ మనిషి. మధ్యాహ్నాలు పిల్లలకి నేర్పి నేర్పి గొంతు బొంగురుపోయి ఉంటుంది. గుండె ఆపరేషన్ సంగతితో సహా ఆయన కష్టమంతా విని, గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక మీదకి తీసుకెళ్ళి, బంతి మూరెడు దూరంలో పెట్టింది.

"ఇదా? ఇదెవరైనా కొడతారు కదండీ."

"కొట్టండి మరి."

కొట్టాడు. అంచు తగిలి పక్కకి పోయింది. ఆవిడ ఇంకో బంతి పెట్టింది, ఇంకోటి పెట్టింది. తర్వాత తన బూటు ఆయన బూటు పక్కన పెట్టి నిలబడింది.

"కర్ర బంతికి తగలకముందే మీ తల గుంట వైపు తిరిగిపోతోంది."

"పడిందో లేదో చూడొద్దా?"

"చూడొద్దు, వినండి. పడితే చప్పుడవుతుంది. ఆఖరిసారి ఆ చప్పుడు ఎప్పుడు విన్నారు మీరు?"

అద్దాలాయన ఆలోచించాడు. పోయిన ఆదివారం, అంతకుముందు ఆదివారం, వర్షం వచ్చి మధ్యలో ఆపేసిన ఆదివారం. జేబులో బంతి పడ్డ బరువే గుర్తొస్తోంది కానీ గుంటలో పడ్డ చప్పుడు గుర్తుకు రాలేదు.

"చేతిలో లోపమేమీ లేదండీ" అంది కోచ్. "మీరు ఈ దెబ్బ కొట్టడం మానేసి చాలా కాలమైంది. కొట్టని దెబ్బంటే చేతికి భయం. మీతో ఆడేదెవరు?"

"మావాళ్ళే."

"మీరంటే బాగా ప్రేమనుకుంటా."

ఆవిడ వెటకారంగా అనలేదు. అయినా ఆ మాట ఆయనకి ముల్లులా దిగింది. ఇంటికి నడుస్తుంటే ఒక్కొక్కటే కళ్ళముందుకొచ్చాయి. డాక్టరు బంతి జానెడు దూరంలో ఆగితే మాస్టారు నేలమీద బోర్లా పడుకుని మరీ కొలిచేవాడు, ఒక్కటి వదిలేవాడు కాదు. బావమరిది బంతికీ అదే న్యాయం. వదిలేది తన బంతిని ఒక్కదాన్నే. మెట్ట ఎక్కేటప్పుడల్లా ముగ్గురికీ ఒకేసారి బూటు లేసులు ఊడిపోయేవి, కట్టుకోవడానికి చాలాసేపు పట్టేది. తను ఊపిరి తీసుకునేంతసేపు.

ఇంట్లో భార్య వంటింటి బల్ల దగ్గర బీన్స్ ఈనెలు తీస్తోంది.

"మీ తమ్ముడు నాకు బంతులెందుకు వదిలేస్తున్నాడు?"

"మీ ఆటల గొడవ నాకేం తెలుసు."

"నీకు తెలిసినప్పుడే నువ్వు ఆ మాటంటావు."

ఆమె ఇంకో రెండు బీన్సు తుంచింది. "నేనే చెప్పాను" అంది. "ఆసుపత్రి వరండాలో. ముగ్గురూ వచ్చారు. ఆయన్ని ఆడించండి, కానీ కంగారు పెట్టకండి, ఆయాసపడనివ్వకండి అన్నాను. గెలిపించమని నేననలేదు. అది వాళ్ళ అతితెలివి."

"రెండేళ్ళు దాటిందే."

"మీకు దాటింది. ఆ రోజు షాపులో మిమ్మల్ని చూసింది నేను. మిమ్మల్ని మీరు చూసుకోలేదు. ఆదివారం మీరు గేటు వేసుకుని వెళ్ళిన దగ్గర్నుంచి మళ్ళీ గేటు తీసేదాకా నేనేం వండుతున్నానో నాకే తెలీదు."

ఆయన కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని ఒక బీన్సు తీసుకుని ఈనె లాగాడు. అది సగంలో తెగింది.

"నేను బాగా ఆడుతున్నాననుకున్నానే" అన్నాడు.

ఆ గొంతు విని ఆమె చెయ్యి ఆగిపోయింది. అరిచి ఉంటే ఆమెకి తేలిగ్గా ఉండేది.

మర్నాడు సాయంత్రం ఆయన కర్ర తీసుకుని బయల్దేరుతుంటే "నేనూ వస్తాను" అంది. సంచీలో మంచినీళ్ళ సీసా, మాత్రల డబ్బా, తుండుగుడ్డ పెట్టుకుంది. మైదానంలో బెంచీ మీద, ఆసుపత్రిలో కూర్చున్నట్టు, అంచున, వెనక్కి ఆనకుండా కూర్చుంది.

కోచ్ గుంట చుట్టూ గుండ్రంగా బంతులు పేర్చింది, అన్నీ మూరెడు దూరంలోనే. వరసగా అన్నీ పడాలి, ఒక్కటి తప్పినా మళ్ళీ మొదటికి. కొట్టబోయే ముందు గుంటని ఒక్కసారే చూడాలి, ఊపిరి వదలాలి, తర్వాత బంతి తప్ప ఇంకేదీ చూడకూడదు. "పడుతుందా అని అడక్కండి. పడకపోతే ఏమవుతుందనీ అడక్కండి. మీ షాపులో అద్దం బిగించేటప్పుడు, ఇది పగిలితే ఎలా అని ఆలోచిస్తారా?"

"ఆలోచిస్తే పగులుతుంది."

"ఇదీ అంతే."

మొదటివి పడ్డాయి. డబ్బాలో గోళీ వేసినట్టు చప్పుడైంది. ఆయన ముఖం విప్పారింది, ఆ సంబరంలో తర్వాతది తప్పింది. మళ్ళీ మొదటికి. ఈసారి సగం దాకా వచ్చి తప్పింది. మళ్ళీ మొదటికి. ఆయన మెడ మీద చెమట పట్టడం చూసి భార్య లేచింది. "చాలండి, ఇక వచ్చెయ్యండి."

కోచ్ ఆమె పక్కకి వచ్చి నిలబడింది. "అమ్మా, షాపులో పడిపోయిన రోజు ఆయన ముఖం ఎలా ఉంది?"

"తెల్లగా. సున్నం కొట్టినట్టు."

"ఇప్పుడెలా ఉందో చూడండి."

ఆమె చూసింది. ముఖం ఎర్రగా ఉంది, పళ్ళు బిగించి ఉన్నాయి, కింది పెదవి ముందుకొచ్చింది. "ఇది జబ్బు కాదు" అంది. "ఇది కోపం. పెళ్ళయిన కొత్తలో కుళాయి బాగుచేస్తానని కూర్చుని, ఇల్లంతా నీళ్ళు చేసినప్పుడు ఇలాగే ఉన్నారు."

ఈసారి ఒక్క బంతే మిగిలింది. అదీ తప్పింది. అద్దాలాయన టోపీ తీసి నేలకేసి కొట్టాడు. భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది కానీ నవ్వు ఆగలేదు. తర్వాత తనే వెళ్ళి గుంటలోంచి బంతులన్నీ ఏరి, వంగి, ఒక్కొక్కటే మళ్ళీ గుండ్రంగా పేర్చింది. ఒకటి కాస్త దగ్గరగా పెట్టబోయి, ఆయన చూపు చూసి వెనక్కి జరిపింది.

"కొట్టండి" అంది.

శనివారం తమ్ముడికి ఫోన్ చేసింది. "తమ్ముడూ, రేపటినుంచి బావకి ఒక్కటీ వదలొద్దు."

"ఓడిపోతాడే అక్కా."

"ఓడిపోనీ."

"నీకు తెలీదు, ముఖం మాడ్చుకుంటాడు."

"ఆ ముఖంతో వేగేది నేను. నీకేం నొప్పి? వాళ్ళిద్దరికీ కూడా చెప్పు."

ఆదివారం మొదటి గుంట దగ్గర అద్దాలాయన బంతి మూరెడు దూరంలో ఆగింది. డాక్టరు అలవాటుగా "తీ" అని నోరు తెరిచాడు. బావమరిది దగ్గాడు. డాక్టరు ఆ అక్షరాన్ని మింగేశాడు. బావమరిది గోళ్ళలో పసుపు రంగు గీక్కుంటూ నిలబడ్డాడు.

అద్దాలాయనకి అర్థమైంది. గుంటని ఒకసారి చూశాడు. ఊపిరి వదిలాడు. కొట్టాడు. తలెత్తకుండా విన్నాడు. చప్పుడు రాలేదు.

"అయ్యో" అని కూడా ఎవరూ అనలేదు. తన జట్టువాడే, మాస్టారు, కార్డు మీద అంకె వేస్తూ అన్నాడు. "కోచింగుకి వెళ్ళొచ్చిన మనిషి దెబ్బేనా ఇది? ఫీజు వెనక్కిమ్మని అడగవయ్యా."

"నువ్వు బంక మట్టిలోకి కొట్టినప్పుడు నేనేమైనా అన్నానా?"

"అనాల్సింది. ఎందుకనలేదు?"

ఆ మాటమీద మొదలైన తగాదా రెండో గుంట దాకా, మూడో గుంట దాకా సాగింది. మధ్యలో ఆయన రెండు కొట్టాడు, ఒకటి తప్పాడు. మెట్ట ఎక్కుతూ అరుస్తున్నాడు కనుక ఆయాసం వచ్చింది, ఆగాడు. బావమరిది కూడా ఆగాడు. "ఊపిరి తీసుకో బావా, తిట్టడం తర్వాత" అన్నాడు మామూలుగా.

ఆఖరి గుంట దగ్గరకొచ్చేసరికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. అద్దాలాయన బంతి మూరెడు కంటే కాస్త ఎక్కువ దూరంలోనే ఉంది. ఈసారి ఆయన పెద్దగా ఆలోచించలేదు, ఇంకా మాస్టారి మీద కోపంలోనే ఉన్నాడు. ఊపిరి వదిలి కొట్టాడు. లోపల పడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మాస్టారు మాత్రం కార్డు మీద అంకెని మామూలు కంటే పెద్దదిగా వేశాడు.

ఇక డాక్టరు బంతి మిగిలింది. గుంటకి జానెడు దూరంలో ఉంది. అది పడితే సమానం, పడకపోతే డాక్టరు జట్టుకి ఓటమి. డాక్టరు అప్పటికే సగం వంగి, చెయ్యి చాపి, అద్దాలాయన వైపు చూశాడు.

"కొట్టండి డాక్టర్ గారూ."

"జానెడే కదండీ."

"జానెడే కదా. కొట్టండి మరి."

డాక్టరు నడుం పట్టుకుని లేచి కర్ర అందుకున్నాడు. "ఒంట్లో బాగాలేనప్పుడు మీరెంత మంచివారండీ" అన్నాడు.

తన నీడ గుంట మీద పడుతోందని గమనించి అద్దాలాయన ఒక అడుగు పక్కకి జరిగాడు.