టేపు బంతి అంచు తగిలిన రోజు

మొన్న టీవీలో క్రికెట్ చూస్తుంటే, బంతి బ్యాటుకు తగిలిందో లేదో తేల్చడానికి తెర మీద ఒక గీత చూపించారు. బంతి బ్యాటు పక్కనుంచి పోయే చోట ఆ గీత ఉలిక్కిపడి పైకి లేచింది. మనవళ్లు "ఔట్, ఔట్" అని గంతులేశారు. నా పక్కనున్న మా బావ మాత్రం "నీళ్లు తాగొస్త" అని వంటింట్లోకి పోయాడు. నీళ్ల గ్లాసు అప్పటికే ఆయన చేతిలో ఉంది.

సౌదీలోని జుబైల్‌లో మా కంపెనీ ఎర్రరంగులో పడ్డ ఏడాది సంగతి ఇది. సౌదీ వాళ్లను తగినంతమందిని పనిలో పెట్టుకోని కంపెనీకి నితాఖత్ అనే సర్కారు రంగుల లెక్కలో ఎరుపు. ఎరుపు పడితే మా ఇఖామాలు, అంటే అక్కడుండే పర్మిట్లు, రెన్యువల్ కావు. పచ్చరంగు కంపెనీ ఏదైనా చేరదీయాలి, లేదంటే ఎగ్జిట్ కొట్టించుకుని ఇంటికి పోవాలి. బావను అక్కడికి రప్పించింది నేనే. ఫోన్ చేస్తే అక్కది ఒకటే మాట: "తమ్మీ, నువ్వే తోల్కపోయినవ్, నువ్వే సూస్కో." ఆ మాట విన్నాక నాకు అన్నం సహించేది కాదు. పక్కనే ఉన్న పచ్చ కంపెనీ ఇంజనీరుకు క్రికెట్ పిచ్చి. తమ జట్టుకు మంచి బౌలర్ కావాలని, మా కంపెనీ రెండు క్యాంపుల మ్యాచ్‌లో ఎవరు గెలిస్తే వాళ్ల బౌలర్‌ని ఫిట్టర్ కింద తీసుకుంటానని, అదీ ఒక్కణ్ణేనని కబురు పెట్టాడు. బతుకుల్ని బంతాటతో తేల్చే మనిషిని ఏమనాలి! అయినా ఆ రోజు అందరం ఆయనకు దండం పెట్టినవాళ్లమే.

మా క్యాంపుకు బావ, అవతలి క్యాంపుకు ఒక పఠాన్ వెల్డరు. శుక్రవారం పొద్దున, ఎండ ముదరకముందే, ఇసుక నేల మీద, టెన్నిస్ బంతికి కరెంటు టేపు చుట్టి మొదలుపెట్టారు. బావ బంతి నేల తాకాక ఎటు తిరుగుతుందో బహుశా బావకూ తెలియదు. వాళ్లు ముప్పైనాలుగుకే చాప చుట్టేశారు. హమ్మయ్య అనుకున్నాం. తర్వాత పఠాన్ బంతి అందుకుంటే మావాళ్లు పోయినవాళ్లు పోయినట్టే తిరిగొచ్చారు. ముప్పైమూడు కొట్టేసరికి తొమ్మిదిమంది అయిపోయారు, ఆఖరున బావ దిగాడు. బ్యాటు పట్టడమంటే ఆయనకు సమ్మెట పట్టడమే.

అంపైర్‌ని నేను. బ్యాటింగ్ జట్టు మనిషే అంపైరుగా నిలబడటం క్యాంపుల రివాజు. వాళ్లలో ఎవరో గొణిగితే పఠానే నవ్వాడు. "టైమ్‌కీపర్ సాబ్ హై, ఝూట్ నహీ లిఖ్తా" అన్నాడు. రెండు క్యాంపుల పనిగంటలూ రాసేది నేనే, ఒక్క గంట అబద్ధం రాయనని పేరు. అతను బంతి వేశాడు. 'టిక్'మంది. వెనకాల కీపర్ పట్టేశాడు. ఔటిస్తే మేం ఓడినట్టే, బావ ఇంటికి పోయినట్టే. అందరూ నా వేలు వైపు చూస్తున్నారు. నేను స్పష్టంగా విన్నాను. అక్క మాట కూడా విన్నాను. నా చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు. పఠాన్ దగ్గరికొచ్చి, కోపం లేకుండానే, "సాబ్, ఆప్ నే సునా?" అని అడిగాడు. "నహీ" అన్నాను, ఏమీ విననట్టు. తర్వాతి బంతిని బావ కళ్లు మూసుకుని బాదితే అది నీళ్ల ట్యాంకు దాకా పోయింది.

బస్సెక్కాక బావ నా చెవి దగ్గరకు వంగాడు.

"తగిలింది బామ్మర్దీ."

"నాకెరుకే బావా."

బావ పచ్చ కంపెనీకి మారాడు, ఏళ్ల తరబడి పనిచేశాడు, ఆ జట్టుకు ఎన్నో మ్యాచ్‌లు గెలిపించాడు. అక్క నన్ను దేవుడంది. సిగ్గుతో చచ్చిపోయాను.

పఠాన్‌కు ఎగ్జిట్ పడింది. పోయే ముందు ఆఖరి టైమ్‌షీటు పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు. గంటలు ఒకసారి చూసుకోమన్నాను. చూడలేదు. "ఆప్ నే లిఖా హై, సహీ హోగా" అని, నేను రాస్తే సరిగ్గానే ఉంటుందని, వేలిముద్ర వేసి వెళ్లిపోయాడు. ఎంతోమంది గంటలు తప్పులేకుండా రాసినవాణ్ణి. ఆ ఒక్క క్షణాన్ని మాత్రం ఇంతవరకు ఏ లెక్కలోనూ వేయలేకపోయాను.