కుట్టుమిషను మెడలో కామెర్ల దండ

కలకత్తా పక్కన మా కొన్నగర్‌లో లివర్ గురించి తెలియనివాడు ఇంకా పుట్టలేదు. తిన్నది అరక్కపోతే లివర్, తలనొప్పి వస్తే లివర్, కోడలు ఎదురు చెబితే అత్తగారికి లివర్. సందుకి పదిమంది డాక్టర్లు. ఆ పదిమంది నోళ్ళలో పడి పూరబి దీదీ కుక్క చావు అంచుదాకా పోయొచ్చింది. మూడు వారాలైంది. నాకింకా ఒళ్ళు చల్లారలేదు, అందుకే చెబుతున్నాను.

పూరబి హాజ్రా అంటే గంగ రేవుకి పోయే సందులో మూడో ఇల్లు. వరండాలో కాలుతో తొక్కే కుట్టుమిషను. ముప్పై ఎనిమిదేళ్ళుగా జాకెట్లు కుడుతోంది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఒక పెద్దమనిషి అడిగితే "అందరూ మీలాగే ఉన్నారు కాబట్టి" అంది. నేను పక్క వాటాలో ఉంటాను. ఈ సందుకి కోడలిగా వచ్చి ఇరవై ఆరేళ్ళు. పదిహేనేళ్ళుగా ఆవిడకి హుక్కులూ, చేతికుట్టూ నేనే చూస్తాను, కాబట్టి ఆవిడ తిట్లలో సగం నా వాటా. కొలతలిచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కునే ఆడవాళ్ళంటే ఆవిడకి మహా మంట. "ఊపిరి వదులమ్మా! దుర్గాపూజ నాలుగు రోజులూ ఇలాగే బిగబట్టుకుని తిరుగుతావా?" అని నడుం మీద టేపుతో ఒక్కటి వేస్తుంది. అయినా పూజకి రెండు నెలల ముందే వరండా నిండా మూటలు పడతాయి. ఆవిడ కుట్టిన జాకెట్ భుజం జారదు మరి.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. పూరబి దీదీ, ఆవిడ అన్న నిశీథ్ దాదా, బతాసా. నిశీథ్ దాదా జూట్ మిల్లులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. నెమ్మదస్తుడు. చెల్లెలు పది మాటలంటే ఒక్కటి అంటాడు, అదీ వాకిట్లోకి చూస్తూ అంటాడు. బతాసా తెల్ల స్పిట్జ్ కుక్క. రెండేళ్ళొచ్చినా పిల్లంతే ఉండిపోయింది. ఒంటి మీద బొచ్చు తప్ప లోపల ఏమీ లేదు. మిషను తొక్కుతున్నంతసేపూ దీదీ చీర కుచ్చిళ్ళ మీదే పడుకుంటుంది. పొద్దు వాలితే దాదా పాదాల మీదకి మారుతుంది.

శ్రావణంలో దానికి తేడా చేసింది. చేపల అన్నం తిన్న గంటకి తాగినదానిలా తూలేది. గోడ దగ్గరికి పోయి, తల గోడకి ఆనించి అలాగే నిలబడిపోయేది. పిలిస్తే పలికేది కాదు. పొద్దున్నే పసుప్పచ్చటి వాంతి. చేతిలో కత్తెర పడేసి దీదీ దాన్ని స్టేషన్ అవతలి పశువుల డాక్టరమ్మ దగ్గరికి ఎత్తుకుపోయింది. నేనూ వెళ్ళాను.

డాక్టర్ సంహిత చిన్నపిల్ల, కానీ మాట స్పష్టం. "దీని రక్తం లివర్‌లోకి పోకుండా పుట్టుకతోనే పక్కదారి పట్టిందేమోనని నా అనుమానం. లివర్ శుభ్రం చేయాల్సిన చెడు మెదడుకి ఎక్కుతోంది. అనుమానమే ఆంటీ, పరీక్ష చేస్తేగానీ చెప్పలేను. పరగడుపున ఒకసారి, తిన్నాక రెండు గంటలకి ఒకసారి రక్తం తీయాలి. ఇప్పుడు తీస్తే తట్టుకోలేదు. పది రోజులు ఈ సిరప్ మూడు పూటలా వేయండి. చేప వద్దు, మాంసం వద్దు. మెత్తటి అన్నం, కాస్త పనీర్. కుదుటపడ్డాక తీసుకురండి" అంది. ఆ సిరప్ వల్ల కడుపులోని చెడు బయటికి పోతుందట. ఒక్క పూట కూడా మానొద్దని రెండుసార్లు చెప్పింది.

మేం ఇంటికొచ్చేసరికే సందంతా తెలిసిపోయింది. మొదట ఎదురింటి ఘోషాల్ కాకా దిగాడు.

"లివర్ జబ్బుకి లివరే మందు పూరబీ. కోడి లివర్ ఉడికించి పెట్టు, వారంలో గంతులేస్తుంది."

"మీకు మోకాళ్ళ నొప్పులు కదా కాకా, ఎవరి మోకాళ్ళు వండుకు తింటున్నారు?"

"మంచి చెబితే నీకు ఎప్పుడూ..."

"మంచి మీ ఇంట్లో చెప్పుకోండి. నాకు బుధవారంలోపు నలభై జాకెట్లున్నాయి."

కాకా పోతే ఇంకొకరు. నేలవేము కషాయం పొయ్యమని ఒకరు, బొప్పాయి కాయ అని ఒకరు, ఎవరో కళ్ళు పెట్టారని ఇంకొకరు. అందరికంటే ఎక్కువమంది అన్న మాట ఒకటుంది: "పసుపు కక్కుతోందంటే కామెర్లేగా, రైలు గేటు అవతల పిషీ దగ్గర దండ వేయించండి."

పిషీ అంటే మేనత్త, దండలు కట్టే ఆ ముసలావిడ ఊరందరికీ పిషీయే. ఆ దండ సంగతి మా వైపు అందరికీ తెలుసు. ఏదో మొక్క పుల్లలు ముక్కలు చేసి దారంతో దండ కడతారు. కామెర్లొచ్చినవాళ్ళ తల మీద కిరీటంలా పెడతారు. అది రోజురోజుకీ పొడుగై మెడకీ, రొమ్ముకీ, నడుముకీ జారుతుంది. దండ దిగినకొద్దీ రోగం దిగుతోందని లెక్క. దండ ఉన్నన్నాళ్ళూ మందు ముట్టకూడదు.

దండ మాట విన్నప్పుడు మాత్రం పూరబి దీదీ తిట్టలేదు. మిషను ఆపి, అన్నవాళ్ళని అలా చూసింది, అంతే. ఎందుకో నాకు తెలుసు. వాళ్ళ చెల్లెలు బులు పదకొండేళ్ళప్పుడు కామెర్లతో పోయింది. తల్లికి చేతకాక మంచంలో ఉంటే, దండ వేయించింది ఇరవయ్యొక్కేళ్ళ నిశీథ్ దాదాయే. చందనం బొట్టుతో బులు ఫోటో ఇప్పటికీ మిషను పైన గోడకి ఉంది.

పూజ పని నెత్తి మీదుంది, దీదీకి చేతులు ఖాళీ లేవు. "సిరప్ నేను వేస్తాలే" అన్నాడు దాదా. మంచిదే కదా అనుకున్నాం. మూడు పూటలా బతాసాని పెరట్లోకి తీసుకెళ్ళేవాడు. సీసా తగ్గుతోంది. కుక్క మాత్రం బాగుపడటంలేదు. ఐదో రోజుకి నీళ్ళగిన్నెలో మూతి పెట్టి తాగడం మర్చిపోయి నిలబడింది.

"చదువుకున్న డాక్టరంట! చక్కెర పాకం ఇచ్చి పంపింది" అని దీదీ ఆ పిల్లని తిట్టిపోసింది. ఆ కోపంలోనే పెరట్లోకెళ్ళి "ఈ తులసి కుండీకి ఇన్ని చీమలేంటి? ఎవరు పోశారు పాయసం?" అని అరిచింది. చీమల గురించి మేమెవరం ఆలోచించలేదు. నా తప్పు ఇంకోటుంది, అదీ చెప్పేస్తాను. నాలుగో రోజు బతాసా మెడ నిమురుతుంటే బొచ్చు అడుగున దారం తగిలింది. తాయెత్తేమో, దాదా ముచ్చట పడి కట్టాడేమో అని ఊరుకున్నాను. అడిగి ఉంటే నా నోరేం పోయేది?

ఎనిమిదో రోజు మధ్యాహ్నం బతాసా తూలుతూ వరండాలోకొచ్చింది. రొమ్ము మీద బొచ్చులోంచి గోధుమరంగు పుల్లల దండ బయటికి వేలాడుతోంది. నేను నోరు తెరిచేలోపే అది కింద పడిపోయింది. కాళ్ళు కొట్టుకుంటున్నాయి, నోట్లోంచి నురగ. దీదీ మిషను మీంచి ఒక్క దూకు దూకి దాని తల ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడే దండ ఆవిడ వేళ్ళకి తగిలింది.

"ఎవరు కట్టారిది?"

దాదా గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన మొహంలో, నమ్మండి, సంతోషం ఉంది. "దిగుతోందే పూరబీ! చూడు, మెడ నుంచి రొమ్ముదాకా వచ్చేసింది. ఇంకో రెండు రోజులు..."

"సిరప్ ఏదీ?"

"మందు ముట్టకూడదంది పిషీ."

"సీసా తగ్గుతోందిగా!"

"నువ్వు అరుస్తావని... పూటపూటా తులసి కుండీలో..."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ రోజు చూశాను. కత్తెర తీసి దండని ఒక్క వేటుకి తెంచింది. పుల్లలు వరండా అంతా చెల్లాచెదురయ్యాయి. "బులు చాలలేదా నీకు? ఒక్కత్తిని దండేసి సాగనంపావు, చాలలేదా? ఇది నోరులేనిది దాదా! బులు అయినా నొప్పని ఏడ్చింది, ఇది అదీ చెప్పలేదు!" ఆ పేరు ఆ ఇంట్లో అంత గట్టిగా పలకడం నేనెప్పుడూ వినలేదు.

కుక్కని కొత్త జాకెట్ గుడ్డలో చుట్టుకుని బ్యాటరీ రిక్షాలో పరుగెత్తాం. ఆ గుడ్డ ఎవరిదో కూడా చూడలేదు. డాక్టరమ్మ సెలైన్ పెట్టి, ఇంజక్షన్ చేసి, జరిగింది విని తల పట్టుకుంది. "ఎనిమిది రోజులు ఆంటీ! ఎనిమిది రోజులు చుక్క మందు లేకుండా!" దీదీ ఆ పిల్లకి చేతులు జోడించింది. "నిన్ను తిట్టానమ్మా. ఆ తిట్లన్నీ నాకే." రెండు రోజులు అక్కడే ఉంచారు. మూడో రోజు కాస్త కుదుటపడ్డాక రక్తం తీసి కలకత్తా పంపారు. ఫలితానికి వారం పడుతుందన్నారు. అది తేలితేగానీ బతాసా బతుకు ఎటో తెలీదు.

కుక్క ఇంటికొచ్చిన సాయంత్రమే దాదా ఇంకో దండతో వాకిట్లో దిగాడు. కొత్తది, పచ్చి పుల్లలది.

"సగంలో తెంచితే రోగం తిరగబెడుతుందట పూరబీ. కట్టనివ్వవే. సిరప్ కూడా వేద్దాం, రెండూ ఉండనీ."

ఇప్పుడు ఇల్లు కూలుతుందనుకున్నాను. దీదీ లేచి దండ లాక్కుంది. వేళ్ళ మధ్య తిప్పి ముడులు చూసింది, దర్జీ చూసే చూపు. తర్వాత దాన్ని కుట్టుమిషను మెడకి రెండు చుట్లు బిగించి కట్టింది.

"దీనికి ఉండనీ. ముప్పై ఎనిమిదేళ్ళుగా నా మంట తగిలి దీనికీ కామెర్లొచ్చుంటాయి. ఎవరూ ముట్టుకోవద్దు."

ఆ మిషను మీదే పని ఆపకుండా చేసింది. రోజూ పొద్దున్నే దండ ఎందాకా వచ్చిందో సుద్దముక్కతో గీత గీసేది. రెండో రోజు చుట్లు వదులయ్యాయి. మూడో రోజు చెక్క మీద వాలింది. ఐదో రోజు బల్ల అంచు దాటి కిందికి వేలాడింది. జాకెట్ల కోసం వచ్చిన ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. "దిగుతోందమ్మా, దిగుతోంది! ఇంకో రెండు రోజుల్లో నా మిషను లేచి చేపల పులుసు అడుగుతుంది!" అనేది దీదీ. ఘోషాల్ కాకా వచ్చి కళ్ళద్దాలు తుడుచుకుని, గీతలు లెక్కపెట్టి వెళ్ళిపోయాడు. ఆయన కోడలికి రెండేళ్ళ కిందట ఆ దండే వేయించాడు. ఆ పిల్ల అదృష్టం బాగుండి బతికింది.

అందరూ నవ్వారు. నిశీథ్ దాదా నవ్వలేదు. కుర్చీ లాక్కుని మిషను ఎదురుగా కూర్చునేవాడు. ఆరో రోజు దండ కాలితో తొక్కే పలకని తాకింది.

"జారుముడి ఇది" అంది దీదీ, ఆ రోజు గొంతు తగ్గించి. "పచ్చి పుల్లకి బిగించి కడతారు. పుల్ల ఎండుతుంది, ముడి వదులవుతుంది, లోపలి దారం బయటికొస్తుంది. దిగేది రోగం కాదు దాదా, దారం."

మర్నాడు ఫలితం వచ్చింది. డాక్టరమ్మ అనుమానం నిజమే. తిన్నాక తీసిన రక్తంలో పిత్తం ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉందట. "సిరప్, పథ్యం మానకపోతే చాలాకాలం బతకొచ్చు. పూజ అయ్యాక కలకత్తాలో ఆపరేషన్ సంగతి చూద్దాం. ఆ ఎనిమిది రోజుల దెబ్బ ఎంతో ఇప్పుడే చెప్పలేను" అంది ఫోన్‌లో.

దీదీ ఫోన్ పెట్టేసి, బొత్తాల డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఎర్రవి ఏరుతోంది. బతాసా దాదా పాదాల మీద పడుకుంది. నేను హుక్కులు కుడుతున్నాను. దాదా దండకేసే చూస్తున్నాడు.

"బులుది కాళ్ళదాకా వచ్చింది కదే" అన్నాడు. "ఆ పొద్దున నేనే చూశాను. గుమ్మంలోంచి అరిచాను, అమ్మా, పోయింది, రోగం పోయింది అని. ఆ సాయంత్రమే..."

వంగి బతాసా వీపు మీద చెయ్యి వేశాడు.

నలభై అయిదేళ్ళుగా దీదీ ఎదురుచూసిన మాట అది. ఇప్పుడు కడిగెయ్యొచ్చు. బొత్తాల అడుగున ఏముందో నాకు తెలుసు. ఒకసారి నాకు చూపించింది. బులుకి అప్పటి డాక్టర్ రాసిచ్చిన చీటీ, వెంటనే పెద్దాసుపత్రిలో చేర్చమని రెండు గీతలు గీసి మరీ రాశాడు. నా చేతిలో సూది ఆగిపోయింది.

పూరబి దీదీ బొత్తాల డబ్బాకి మూత పెట్టింది.

"బులుది వేరే జబ్బు దాదా" అంది. "డాక్టర్ అప్పుడే చెప్పాడు, దానికి మందు లేదని. ఆ రోజు నువ్వు ఊళ్ళో లేవు, నీకు తెలీదు."

దాదా ఆవిడ మొహంలోకి చూశాడు. నమ్మాడో లేదో నాకు తెలీదు.

"ఏం చూస్తున్నావ్? సిరప్ టైమైంది, లే. ఒక్క చుక్క తులసి కుండీలో పడిందో, నిన్నూ ఆ కుండీలోనే పాతేస్తా!"

దాదా లేచాడు. సీసా వెలుతురుకి ఎత్తి పట్టుకుని, మూతలో గీత దాకా కొలిచాడు.