పన్నెండు నిమిషాల సర్వర్

ఆ రోజుల్లో ఏ వస్తువైనా బరువుగా ఉంటేనే గొప్పదని నమ్మేవాళ్లం. టీవీ ఇద్దరు మోస్తే గానీ కదలకూడదు, పెళ్లి శుభలేఖ అట్ట మందంగా ఉండాలి, డాక్టరు రాసిన చీటీ పొడుగ్గా ఉండాలి. వనపర్తి బస్టాండు దగ్గర ఒక జిరాక్సు దుకాణం పైన ఉన్న మా కంపెనీలో (కంపెనీ అంటే రెండు గదులు, మూడు కంప్యూటర్లు, ఒక ఏసీ) ఈ నమ్మకం ఇంకాస్త ముదిరింది. ఆ ఏసీ మనుషులకు కాదు, సర్వర్‌కు. మే నెల ఎండలో మేము చొక్కా గుండీలు విప్పుకుని చప్పుడు చేసే ఫ్యాను కింద కూర్చుంటే, సర్వర్ మాత్రం లోపలి గదిలో తలుపేసుకుని చల్లగా ఉండేది. ఆ గదిలోకి చెప్పులు విప్పి వెళ్లాలి. శుక్రవారం దానికి కుంకుమ బొట్టు. అమరచింత నుంచి ఎంసీఏ పట్టా పట్టుకుని వచ్చిన నేను అక్కడ చెప్పులు విప్పిన ప్రతిసారీ, నిజంగానే ఏదో పెద్ద చోటికి చేరానని పొంగిపోయేవాణ్ణి. ఇప్పుడది చెప్పుకోవడానికి నాకు పెద్ద సిగ్గేమీ లేదు. మా యజమాని నాకంటే ఎక్కువ పొంగిపోయేవాడు.

ఆయనకు నేను మనసులో పెట్టుకున్న పేరు ఎంటర్‌ప్రైజ్ సార్. హైదరాబాదులో ఏదో పెద్ద కంపెనీలో రెండేళ్లు పనిచేసి, అక్కడి నుంచి రెండే రెండు వస్తువులు తెచ్చుకున్నాడు. ఒకటి ఆ మాట, రెండోది ఆ సర్వర్. గోడ గడియారం కొన్నా ఎంటర్‌ప్రైజ్ క్వాలిటీ, కింద హోటల్లో ఇరానీ చాయ్ బాగుంటే అదీ ఎంటర్‌ప్రైజే. ఆ మాటకు అర్థమేమిటని ఒకసారి ధైర్యం చేసి అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "పెద్దది అన్నట్టు" అన్నాడు. అంతకు మించి ఆయనకూ తెలియదని నాకు అర్థమవడానికి ఏడాది పట్టింది.

కంప్యూటరు పని తెలియనివాళ్లకు ఇక్కడొక మాట చెప్పాలి. మనం రాసిన ప్రోగ్రాం తనంతట తాను నడవదు. దాన్ని తనలో కూర్చోబెట్టుకుని, ఎవరు ఏ పేజీ అడిగితే ఆ పేజీ అందించే ఇంకో ప్రోగ్రాం కావాలి. దాన్నీ, అది నడిచే పెట్టెనూ కూడా మేము సర్వర్ అనే అంటాం. మాది బ్యాంకులూ విమాన కంపెనీలూ వాడే రకం. పదిమందికి వంట చేయడానికి పెళ్లి గుండిగ పొయ్యి మీద పెట్టినట్టు ఉండేది వ్యవహారం. అది మొదలై, ఒళ్లు విరుచుకుని, పనికి సిద్ధం కావడానికి పన్నెండు నిమిషాలు. ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మార్చినా దాన్ని ఆపి, మళ్లీ లేపి, పన్నెండు నిమిషాలు ఆగితే గానీ ఆ అక్షరం సరిగ్గా పడిందో లేదో తెలిసేది కాదు. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి. మా దగ్గర కరెంటు రోజుకు ఎన్నిసార్లు పోయేదో చెబితే ఈ తరం వాళ్లు నమ్మరు కాబట్టి చెప్పను.

నిజం చెప్పాలంటే ఆ పన్నెండు నిమిషాల వల్ల నాకు కష్టమేమీ ఉండేది కాదు. సుఖమే ఉండేది. "ఏం చేస్తున్నవ్?" అని ఎంటర్‌ప్రైజ్ సార్ అడిగితే, "సర్వర్ లేస్తుంది సార్" అనేవాణ్ణి. "లేవనీ, తొందరపెట్టకు. పెద్దది గద" అని ఆయనే నన్ను ఓదార్చేవాడు. కిందికి దిగి చాయ్ తాగేవాణ్ణి, పేపరు చదివేవాణ్ణి, బస్టాండులో ఏ బస్సు ఎంత ఆలస్యమో చూసి వచ్చేవాణ్ణి. హోటలాయన కూడా "లేసిందా మీ సర్వర్?" అని, ఇంట్లో నిద్రపోతున్న మామను అడిగినట్టు మర్యాదగా అడిగేవాడు. సాయంత్రానికి పని జరగకపోతే తప్పు సర్వర్‌ది. పని తప్పుగా జరిగినా తప్పు సర్వర్‌దే. ఇంత మంచి ఉద్యోగం నాకు మళ్లీ దొరకలేదు.

ఈ సుఖాన్ని చెడగొట్టింది నాగర్‌కర్నూల్ దోస్తు. నాతో చదివి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నవాడు, సెలవుకు వస్తూ నన్ను చూసిపోదామని మెట్లెక్కి వచ్చాడు. నేను స్క్రీన్ మీద పాకుతున్న అక్షరాల వరసలను చూస్తూ కూర్చోవడం ఐదు నిమిషాలు గమనించి, "ఏందిరా, గిది లేసేదాంక నువ్వు గిట్లనే కూసుంటవా?" అన్నాడు. పెద్దది కదా అన్నాను. "పెద్దదైతే గిరాకి కాడ పెట్టు. నువ్వు రాసుకోనీకి, పరీక్ష చేసుకోనీకి గింత బండి ఎందుకు?" అని పెన్‌డ్రైవ్ తీసి, నా కంప్యూటరులో ఒక ఫోల్డర్ పడేశాడు. అదీ సర్వరే అట. దానికి ఏసీ వద్దు, బొట్టు వద్దు. మీట నొక్కితే అర నిమిషంలో లేచి కూర్చుంది. ఏదో తప్పు జరిగిందనుకుని నేను దాన్ని ఆపి మళ్లీ లేపాను. మళ్లీ అర నిమిషమే.

ఆ వారం నా జీవితంలో చాలా చేదు వారం. పెద్ద సర్వర్ మీద రోజుకు ఇరవై తప్పులు చేసేవాణ్ణి, చిన్నదాని మీద గంటకు ఇరవై చేశాను. తప్పు చేసిన అర నిమిషానికే అది నా ముఖం మీద చెప్పేది. నెపం పెట్టడానికి ఎవరూ లేరు. ఏడాదిగా సర్వర్ మందకొడిది అనుకుంటూ వచ్చాను గానీ మందకొడి ఎవరో అప్పుడు తెలిసింది. అయితే తప్పులు తొందరగా కనబడితే తొందరగా దిద్దుకోవచ్చు కాబట్టి, నెలలు పడుతుందనుకున్న గద్వాల పని మూడు వారాల్లో పూర్తయింది. ఎంటర్‌ప్రైజ్ సార్ గదిలోకి వచ్చినప్పుడు మాత్రం స్క్రీన్ మీద పెద్ద సర్వర్ వరసలున్న కిటికీని ముందుకు తెచ్చి, విచారంగా ముఖం పెట్టేవాణ్ణి.

గద్వాల పని అంటే ఒక పత్తి విత్తనాల గోదాముకు సాఫ్ట్‌వేర్. ఆ పనే మాకు ప్రాణం. "గద్వాల పాసైతె నువ్వు పర్మనెంటు. కాకుంటె ఈ రూముకు తాళమే" అని ఎంటర్‌ప్రైజ్ సార్ ముందే చెప్పేశాడు. కొత్తకోటలో మా బావ తన ఎరువుల దుకాణంలో నాకోసం ఒక స్టూలు ఖాళీగా ఉంచి, వారానికోసారి ఫోన్ చేసి "ఎట్లుంది నీ సాఫ్ట్‌వేరు?" అని ఆప్యాయంగా అడిగేవాడు. ఆ ఆప్యాయతకు నాకు నిద్రపట్టేది కాదు. అమరచింతలో మా నాన్న నేను కంప్యూటర్ ఇంజనీరునని అప్పటికే ఊరంతా చెప్పుకున్నాడు. ఆ స్టూలు మీద కూర్చుంటే ఆయన బజారులో తలెత్తుకోలేడు.

గోదాము పెద్దాయన డెబ్బై ఏళ్ల మనిషి, తెల్ల పంచె, చేతిలో ఎప్పుడూ నాలుగు పత్తి గింజలు. ఆయన దగ్గర ప్రతి రైతు విత్తనంలోంచి నూరు గింజలు తీసి, తడిగుడ్డలో వేసి, ఎన్ని మొలిచాయో లెక్కబెట్టి రిజిస్టరులో రాస్తారు. ఆ లెక్క, అందరూ ఆపా (అక్క) అని పిలిచే ఒకావిడ చేతిలో ఉండేది. ముప్పై ఏళ్లుంటాయి, మాట తక్కువ, చూపు ఎక్కువ. ఇకముందు రిజిస్టరుకు బదులు కంప్యూటరు వాడవలసింది ఆమే. మేము వెళ్లగానే ఎంటర్‌ప్రైజ్ సార్ కుర్చీలో వెనక్కి వాలి, "మా సర్వర్ లేవనీకే పన్నెండు నిమిషాలు పడ్తది సార్. అంత పెద్దది" అని మొదలుపెట్టాడు. పెద్దాయన గౌరవంగా తలూపాడు. నేను పెద్ద సర్వర్‌ను వాళ్ల కంప్యూటరులో ఎక్కించి లేపాను. పదో నిమిషంలో కరెంటు పోయింది. మళ్లీ లేపితే, వాళ్ల కంప్యూటరుకు అంత మెమరీ లేక మధ్యలోనే చతికిలబడింది. ఎంటర్‌ప్రైజ్ సార్ చెమట తుడుచుకుంటూ పెద్దాయనను చాయ్‌కి తీసుకుపోయాడు. ఆ సందులో నేను పెన్‌డ్రైవ్ తీసి చిన్నదాన్ని ఎక్కించాను.

వాళ్లు తిరిగి వచ్చేసరికి అన్ని పేజీలూ చకచకా వస్తున్నాయి. పెద్దాయన ముఖం వికసించింది. అప్పుడే మళ్లీ కరెంటు పోయి, వచ్చింది. ఆయన నా వెనకాలే నిలబడి ఉండగా, మీట నొక్కిన అర నిమిషానికి సర్వర్ లేచింది.

"అయిపాయెనా?" అన్నాడు పెద్దాయన.

"అయిపోయింది సార్" అన్నాను గర్వంగా.

ఆయన చేతిలోని గింజలను ఒకసారి చూసుకున్నాడు. "సూడు బిడ్డా. మా తాన గింజలను తడిగుడ్డల ఏసి నాలుగో దినం ఒకపారి లెక్కబెడ్తం, పన్నెండో దినం ఒకపారి లెక్కబెడ్తం. రెండోనాడే వచ్చి నూటికి నూరు మొలిచినయ్ సారూ అన్నోడు నాకు అబద్ధం చెప్తున్నట్టే. పన్నెండు నిమిషాలంటిరి. గిది సిటికెల లేసింది. అంటే దాంట్ల ఏం లేనట్టే గద?" అని, ఎంటర్‌ప్రైజ్ సార్ వైపు తిరిగి, "సోమారం రాండ్రి. ఆ పెద్దదే సూపియ్యాలె. లేకుంటె నాకు రిజిస్టరే మంచిగుంది" అన్నాడు.

బస్సులో ఎంటర్‌ప్రైజ్ సార్ నా పక్కనే కూర్చున్నాడు. ఎర్రవల్లి చౌరస్తా రాకముందే నేను పెన్‌డ్రైవ్ కథంతా ఒప్పుకున్నాను. ఆయన బీచుపల్లి వంతెన దగ్గర ఆంజనేయస్వామికి కిటికీలోంచి దండం పెట్టుకున్నాడు. ఉద్యోగం పోయిందనుకుని, స్టూలు ఎత్తు ఎంతుంటుందో ఊహించుకుంటున్నాను. వంతెన దాటాక ఆయన గొంతు తగ్గించి అడిగాడు.

"దాన్ని పన్నెండు నిమిషాలకు లేసేటట్టు చేయగలవా?"

నా వృత్తి జీవితంలో ఒక యజమాని నన్ను ప్రోగ్రాం నెమ్మదిగా నడిచేలా రాయమని అడగడం అదొక్కసారే (నెమ్మదిగా నడిచేవి అడగకుండానే చాలా రాశాను). చిన్న సర్వర్ వెనకాల అర నిమిషంలో లేచి మాట్లాడకుండా కూర్చుంటుంది. ముందు మాత్రం ఒక నల్లటి కిటికీలో పెద్ద సర్వర్ వరసలు ఒక్కొక్కటే దొర్లుతుంటాయి. ట్రాన్సాక్షన్ మేనేజర్ రెడీ అంటుంది. క్లస్టర్ రెడీ అంటుంది. క్లస్టర్ అంటే కంప్యూటర్ల గుంపు, ఆ గోదాములో గుంపు కాదు గదా, రెండో కంప్యూటరే లేదు. అయితే ఆ అబద్ధాన్ని సరిగ్గా అతికించడానికి దాన్ని పరీక్షించాలి, పరీక్షించిన ప్రతిసారీ పన్నెండు నిమిషాలు పట్టేది. ఏ ఎదురుచూపు నుంచి తప్పించుకున్నానో దాన్నే సొంత చేతులతో రాసుకుని, దాని ముందు కూర్చున్నాను. ఒక పూటకే ఓపిక చచ్చి, ఎస్కేప్ మీట నొక్కితే ఆ వరసలన్నీ మాయమై నేరుగా పేజీ వచ్చేలా ఒక దొడ్డిదారి పెట్టుకున్నాను. అది నా ఒక్కడికే తెలిసిన రహస్యం. తీసేద్దామనుకుని మరచిపోయాను.

సోమవారం పెద్దాయన కుర్చీ లాక్కుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పన్నెండు నిమిషాలూ కదల్లేదు. వరసలు దొర్లుతున్న కొద్దీ ఆయన కళ్లలో నమ్మకం పెరిగింది. "ఇప్పుడుంది పని" అని, చివర్న మొదటి పేజీ తెరుచుకోగానే చేతిలోని గింజలను జేబులో వేసుకుని ఎంటర్‌ప్రైజ్ సార్ చెయ్యి పట్టుకుని ఊపాడు. మా గదికి తాళం పడలేదు. నేను పర్మనెంటు అయ్యాను. కొత్తకోట స్టూలు మీద మా బావ ఎరువుల బస్తా పెట్టుకున్నాడట. ఆపా మాత్రం ఒకే ఒక్క మాట అడిగింది.

"దినాం గిట్లనే లేస్తదా తమ్ముడూ?"

"దినాం గిట్లనే ఆపా" అన్నాను, ఆమె ముఖం చూడకుండా.

ఆ మాట నన్ను నాలుగేళ్లు తరిమింది. హైదరాబాదుకు వెళ్లి, మంచి కంపెనీలో చేరి, ఆ చిన్న సర్వర్లతోనే బతుకుతున్నా, ఎక్కడ కరెంటు పోయినా నాకు ఆపానే గుర్తొచ్చేది. ఒక ముసలాయన నమ్మకం కోసం, నా ఉద్యోగం కోసం ఆమె రోజూ నల్ల కిటికీ ముందు కూర్చుంటోంది కదా అని సిగ్గేసేది. గద్వాలలో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు, భోజనం కూడా చేయకుండా గోదాముకు వెళ్లాను. పెద్దాయన మానవపాడు వైపు పొలాలు చూడటానికి పోయాడు. ఆపా ఒక్కతే ఉంది. అప్పుడే కరెంటు పోయి వచ్చినట్టుంది, స్క్రీన్ మీద నా వరసలే దొర్లుతున్నాయి. ఆమె కాళ్లు స్టూలు మీద పెట్టుకుని, సొరుగులోంచి పల్లీల పొట్లం తీసుకుని ఒలుచుకుంటోంది. నేను తల వంచుకుని, చేసిన మోసమంతా చెప్పి, రెండు నిమిషాల పని ఆపా, ఇప్పుడే తీసేస్తాను అన్నాను.

"వద్దు తమ్ముడూ, ఉండనీ" అంది ఆపా. "ఎస్కేప్ నొక్కితే పోతది గద. నాకు తెల్సు."

నేను తలెత్తి ఎస్కేప్ మీట వైపు చూశాను.

"మొదటి వారంలనే తెల్సింది. దుమ్ము తుడుస్తుంటె వేలు తాకింది, సర్వర్ లేసి కూసున్నది."

"మరి ఎవరికీ చెప్పలేదేంది ఆపా?"

"ఎవరికి చెప్పాలె? పెద్దసారుకు చెప్తె నీ నౌకరి పోతుండె, నా పన్నెండు నిమిషాలు పోతుండె." ఇంకో పల్లికాయ ఒలిచింది. "పొద్దుగాల నుంచి మాపటిదాంక ఆపా గది తే, ఆపా గిది చూడు అని ఒకటే పరేషాన్. ఇంటికి పోతె ఇంట్ల గట్లనే. సర్వర్ లేస్తుంది అంటె మాత్రం ఒక్కడు పిలువడు. జర కూసో. పల్లీలు తిను."

కూర్చున్నాను. ఆమె స్క్రీన్ వైపు చూడకుండానే, "ఇగ ఇప్పుడు క్లస్టర్ రెడీ అంటది" అంది. అలాగే అంది అది. ఎస్కేప్ మీట మా ఇద్దరికీ చేతికందే దూరంలోనే ఉంది. మిగిలిన ఏడు నిమిషాలూ మేము పల్లీలు తింటూ అది లేచేదాకా ఆగాం.

ఇప్పుడు నా దగ్గర అన్నీ కన్నుమూసి తెరిచేలోగా లేస్తాయి. నేను రాసినవాటిలో చాలావరకు ఎవరూ తలచుకోరు, తలచుకున్నా మంచిగా తలచుకోరు. ఒక మనిషి నాలుగేళ్లు కావాలని కాపాడుకున్నది, ఏ పనీ చేయకుండా పన్నెండు నిమిషాలు అబద్ధం చెప్పిన ఆ ఒక్క ముక్కనే. రోజుకు ఇరవైసార్లు ఎవరో ఒకరు "ఏం చేస్తున్నారు?" అని అడుగుతుంటారు. "సర్వర్ లేస్తుంది సార్" అని తీరిగ్గా చెప్పిన ఆ వనపర్తి కుర్రవాణ్ణి తలచుకుని నవ్వుకుంటాను. నా బల్ల మీద కూడా ఎస్కేప్ మీట ఉంది. నొక్కకుండా కూర్చోవడానికి ఏ వరసలూ దొర్లవు, అంతే తేడా.