గళ్ళలో నాయన

మా ఊరి బడి గోడ మీద మొదట సరస్వతీదేవి బొమ్మ ఉండేది. చుట్టుపక్కల గోడలన్నీ ఎరువుల ప్రకటనలు, ఓట్ల గుర్తులు. రెండు వేల సంవత్సరం తర్వాత వరసగా వానలు తప్పిన కాలంలో ఒక స్వచ్ఛంద సంస్థవాళ్ళు బడికి సున్నం కొట్టించి, ఈసారి మన మనుషుల బొమ్మలే వేయమని రాయదుర్గం నుంచి పెయింటరును పిలిపించారు. ఆయన పల్లెలు తిరిగి, కరువు పనుల దగ్గరా గంజి కేంద్రాల దగ్గరా కనిపించినవాళ్ళను కాగితాల మీద గీసుకొచ్చాడు.

నేను ఐదో తరగతితో ఆగినా, పొలాలు కొలిచి లెక్క నేర్చుకున్నవాణ్ణి. అందుకని గళ్ళ పని నాకిచ్చారు. కాగితం మీద అంగుళం గడి, గోడ మీద అడుగు గడి. ఆ గడిలోని గీతను ఈ గడిలోకి బొగ్గుతో దించాలి. కన్ను మోసపోకుండా మిగతా కాగితం కప్పేసి ఒక్కో గడే చూసేవాణ్ణి. ఒకదాంట్లో తువ్వాలు మడత, ఇంకోదాంట్లో అన్నం తినే సత్తు తట్ట అంచు.

సాయంత్రం కొలత సరిచూద్దామని వీధి దాకా వెనక్కి నడిచాను. గంజికి నిలబడిన వరస. మూడో మనిషి తువ్వాలు ముఖం మీదికి లాక్కున్నాడు. ఎద్దు పొడిచి కుంగిన ఎడమ భుజం. మా నాయన.

"ఈయన్ని యాడ చూసినావన్నా?" అని పెయింటరును అడిగాను.

"పామిడి దగ్గర గంజి కేంద్రంలో. మొఖం చూపీడప్పా. దినామూ వస్తాండెనంట."

పదెకరాల రైతు. పామిడిలో పనుందని పోయేవాడు, తినే వచ్చినానని చెప్పేవాడు.

తడిగుడ్డ అందుకున్నాను. అప్పటికే నాయన వచ్చి నా వెనక నిలబడి ఉన్నాడు. చాలాసేపు చూశాడు.

"తట్ట పెద్దదేసినారే. అంత యాడ పోసిరి?" అన్నాడు.

పెయింటరు నవ్వబోయి ఆగిపోయాడు.

"తుడిచేస్తా నాయనా."

"తుడిస్తే ఈడ ఎవరుండ్రి అని ఊరంతా అడుగుతాది. ఉండనీ."

ఆ తర్వాత నాయన బడి దారిన బస్సుకు పోలేదు, చుట్టు తిరిగి పోయేవాడు.

ఆ కరువులో ఇంట్లో జొన్నలు ఎన్నాళ్ళొస్తాయో లెక్క కట్టింది నేనే. జొన్నలు నా లెక్క కన్నా చాలా రోజులు ఎక్కువే వచ్చాయి. శేరు కొలతలో తప్పుందేమోనని మళ్ళీ మళ్ళీ కొలిచాను. నాయన ఇంట్లో తింటున్నాడా లేదా అని మాత్రం ఒక్కసారీ చూడలేదు.