చింతపండు పట్టించిన కత్తి

ఇత్తడి దీపాలకు చింతపండు రాసినప్పుడల్లా మేమున్న గల్ఫ్ ఊరు సోహార్‌లో నాన్న కొన్న క్రిస్ గుర్తొస్తుంది. అది ఫిలిప్పీన్స్ దక్షిణ దీవుల్లో ఉండే మోరో తెగలవాళ్ల వంకర్ల కత్తి. పాతదో, నకిలీదో నాన్నకు ఎంతకీ తేలలేదు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. దీపాల్లాగే మెరుస్తుందనుకుని దానికీ చింతపండు పట్టించాను. కత్తి నల్లబడిపోయింది.

"ఎంత పని చేశావే తల్లీ!" అని నాన్న తల పట్టుకున్నారు.

నాన్న పనిచేసే ప్లాంటులోని వెల్డర్ అంకుల్ ఒకాయన, మోరోల దీవి నుంచి వచ్చినాయన, అది చూసి నవ్వారు.

"అతుకు బయటపడాలని మా తాత ఇలాంటి కత్తులకు నిమ్మరసం రాసేవాడు సర్. ఇదిగో, పిడి కింద అతుకు తేలింది. పాతవాటికి అక్కడ విడి ముక్క చేసి అతికేవారు, కొత్తవాటికైతే ఉత్త గీత గీస్తారు. ఇది పాతదే."

ఇప్పటికీ ఇంటికొచ్చినవాళ్లకు ఆ అతుకు తనే కనిపెట్టానని చెబుతారు నాన్న. చింతపండు ఊసు నేనూ ఎత్తను, అమ్మా ఎత్తదు.