పళ్ళు లేని చిలకకు వయసు ధ్రువపత్రం

1968 జూన్‌లో నన్ను కర్లపాలెం నుంచి రేపల్లె పశువుల ఆసుపత్రికి బదిలీ చేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరు ఘనమే గాని, ఆసుపత్రి అంటే రెండు గదులు, ఒక పెంకుల వసారా, పశువు కదలకుండా నిలబెట్టి కట్టే కొయ్య చట్రం ఒకటి. నా కింద ఒక కాంపౌండరు, ఒక అటెండరు. వచ్చేవి గేదెలు, ఎడ్లు, అప్పుడప్పుడూ మేకలు. నేను చెప్పే ఉద్యోగపు కబుర్లలో సగం తీసేసి వినమని మా ఆవిడే అందరికీ చెబుతుంది. ఈ సంగతిలో మాత్రం నేను కల్పించాల్సిన అవసరమే రాలేదు. కల్పనంతా అవతలి వాళ్ళే చేశారు.

ఆ అక్టోబరు వానల్లో జ్ఞానసుందరమ్మ గారనే టీచరు ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో తువ్వాలు మూట పట్టుకుని వచ్చారు. మూటలో రామచిలక. రెక్కల ఈకలు ఎవరో కత్తిరించారు. కాలికి పురికొస చుట్టుకుని వాచిపోయింది. మురుగు కాలువ గట్టు మీద కాకులు పొడుస్తుంటే ఆవిడ తెచ్చుకున్నారు. పురికొస కోసి, మందు రాసి, రోగుల రిజిస్టరులో ‘రామచిలక, కుడికాలికి గాయం’ అని రాశాను. వయసు గడి ఖాళీగా వదిలేశాను. చిలక వయసు ఎవడడుగుతాడు అనుకున్నాను. అది నా తప్పే.

మూడు వారాలకు పోలీసు స్టేషను నుంచి ఒక కానిస్టేబులు అదే చిలకను పంజరంలో పెట్టుకుని, ఒక కాగితంతో సహా వచ్చాడు. ఊళ్ళో బియ్యం మిల్లు యజమాని వీరరాఘవయ్య గారు దొంగతనం కింద ఫిర్యాదు ఇచ్చారట. తన ఇంట్లో పద్దెనిమిదేళ్ళుగా పెరుగుతున్న చిలకను జ్ఞానసుందరమ్మ గారు ఎత్తుకుపోయారని. పక్షి వయసు పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వమని ఆ కాగితం సారాంశం.

ఆ ఫిర్యాదు వెనక చిలక ఒక్కటే లేదని రేపల్లెలో అందరికీ తెలుసు. అంతకుముందు వేసవిలో ఆయన కొడుకును ఆరో తరగతిలోనే ఆపేసింది ఈ టీచరే. ఎంతమంది చెప్పినా మార్కులు కలపలేదు. ఇప్పుడు తగాదా తేలేదాకా బడికి రావద్దని యాజమాన్యం ఆవిడకు చెప్పేసింది. నేరం రుజువు కాలేదు, విచారణ మొదలే కాలేదు. మిల్లు వారి మాట చాలింది.

ఆవిడ ఆసుపత్రి వసారాలో నిలబడి అన్న మాట నాకు అలాగే గుర్తుంది. “ఇరవై ఆరేళ్ళ నుంచి పిల్లలకి దొంగతనం తప్పని చెబుతున్నానండి. మొన్న బజార్లో ఒక పిల్లాడు నన్ను చూసి జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు.”

పశువుల వయసు చెప్పడానికి మాకు పళ్ళే ఆధారం. దూడకు పాలపళ్ళు ఊడి రెండు పళ్ళు, నాలుగు, ఆరు, ఎనిమిది వచ్చేదాకా సుమారుగా ఏళ్ళు చెప్పొచ్చు. ఎనిమిదీ వచ్చి కడపళ్ళు వేసిన ఎద్దుకు ఆ పైన అరుగుదల చూసి అంచనా వేస్తాం. అదీ కుదరకపోతే ‘యజమాని చెప్పిన ప్రకారం’ అని రాసి ఆయన చెప్పిన అంకె వేస్తాం. సంతలో అమ్మకాలకు ఆ పద్ధతి ఎవరికీ చెరుపు చేయలేదు. ధ్రువపత్రం అచ్చు ఫారంలో జాతి, రంగు, కొమ్ములు, పళ్ళు, మూపురం అని గడులుండేవి. చిలకకు ఇందులో రంగు ఒక్కటే ఉంది.

తెల్లకాగితం తీసుకున్నాను. ముక్కు ఇంకా లేత రంగులో ఉంది. కాలి పొలుసులు నునుపుగా ఉన్నాయి. తోక పూర్తిగా సాగలేదు. మెడ చుట్టూ పట్టీ లేదు. పట్టీ లేనంత మాత్రాన పిల్ల అనడానికి లేదు, ఎందుకంటే మగచిలకకు అది మూడో ఏట గాని రాదు, ఆడదానికి ఎన్నేళ్ళయినా రాదు. తేల్చి చెప్పేది కన్ను. ఈ పక్షి కన్ను మొత్తం నల్లగా ఉంది. ఏడాది దాటిన చిలకకు నల్లగుడ్డు చుట్టూ తెల్లటి వలయం కనిపిస్తుంది. ‘ఏడాది లోపు. ఆడా మగా ఇప్పుడే చెప్పలేము’ అని రాసి సంతకం చేశాను. కోర్టు వ్యవహారం కాబట్టి తెనాలిలోని పై అధికారి ద్వారా పంపాను.

పత్రం కోర్టుకు చేరకముందే వీరరాఘవయ్య గారు నా దగ్గరికి వచ్చారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. “ఏంటండి డాక్టరు గారూ, మా చిట్టెమ్మ మిల్లు ఇంజను మొదట తిప్పిన రోజున వచ్చిందండి. మీరేమో పసిపిల్ల అంటున్నారంట.”

చిలక ఇంకా మా వసారాలోనే ఉంది, దాని కన్ను చూడమన్నాను. పంజరం వైపు తల కూడా తిప్పలేదు. “ముసలిదైపోయాక కళ్ళు నల్లబడతాయిలెండి” అన్నారు. అలా నల్లబడే పక్షి భూప్రపంచంలో లేదన్నాను. “మీరు గేదెల డాక్టరు కదండీ” అని నవ్వి వెళ్ళిపోయారు. ఆ నవ్వు నాకు మూడు పూటలు అన్నం సహించనివ్వలేదు.

నాలుగో రోజున నా పత్రం తెనాలి నుంచి తిరిగొచ్చింది. ఎర్ర సిరాతో రెండు ఆక్షేపణలు. నిర్ణీత ఫారంలో లేదు. కొమ్ములు, పళ్ళు నమోదు చేయలేదు. నేను పొద్దున రైలెక్కి తెనాలి వెళ్ళి పై అధికారి ఎదుట నిలబడ్డాను. చిలకకు పళ్ళుండవని ఒక పశువైద్యుడు మరో పశువైద్యుడికి చెప్పవలసి రావడం కన్నా అవమానం నా సర్వీసులో ఇంకోటి లేదు.

ఆయన కోప్పడలేదు. అదే నాకు ఎక్కువ మండింది. ఎంతో శాంతంగా, “నువ్వు కుర్రాడివి. ఫారంలోనే ‘యజమాని చెప్పిన ప్రకారం పద్దెనిమిది’ అని వెయ్యి. బాధ్యత వాళ్ళది. నీకు పోయిందేముంది?” అన్నారు.

“అయ్యా, యజమాని ఎవరన్నదే కదండీ తగాదా? ఆ మాట రాస్తే తీర్పు నేనే ఇచ్చినట్టు. ఆవిడ దొంగని నేనే సంతకం పెట్టినట్టు” అన్నాను.

“కన్ను చూసి చెప్పొచ్చని ఏ పుస్తకంలో ఉంది?” అని అడిగారు.

ఏ పుస్తకంలోనూ నేను చూడలేదు. కాలేజీలో నాలుగేళ్ళు ఎద్దుల గిట్టలు, గేదెల పొదుగులు చెప్పారు గాని చిలక మాట ఎత్తలేదు. నాకు తెలిసిందంతా బాపట్లలో చదువుకునే రోజుల్లో రైలుస్టేషను బయట చిలకలమ్మే మస్తాన్ దగ్గర నేర్చుకున్నదే. ఆ మాట ఆయనతో అనలేదు. అటు నుంచి అటే మద్రాసు వైపు వెళ్ళే ప్యాసింజరు ఎక్కి బాపట్లలో దిగాను.

మస్తాన్‌కు అప్పటికి జుట్టంతా నెరిసింది. నన్ను గుర్తుపట్టి, సంగతంతా విని, పక్కనున్న బుట్టల మీద గుడ్డ తీశాడు. “చూడండి బాబూ. ఇది ఈ వేసవిలో పుట్టిన పిల్ల. కన్నంతా నేరేడు పండల్లే లేదూ? ఇదేమో తొమ్మిదేళ్ళుగా మా ఇంట్లో ఉంటున్న ముసల్ది. నా పెళ్ళాం కన్నా దీనికే నోరెక్కువ. చుట్టూ తెల్లగా కట్టింది చూడండి. పంతులుగారి దగ్గర చదివితే గాని కనపడదా ఇది?”

ఆ రెండు పక్షులనూ విచారణ రోజున రేపల్లె తెమ్మన్నాను. దారి ఖర్చుల మాట ఎత్తితే, ముందు కేసు గెలవమన్నాడు. నా పత్రాన్ని ఒక్క అక్షరం మార్చకుండా నేనే కోర్టుకు పంపాను.

సబ్ మేజిస్ట్రేటు కోర్టు ఆ రోజు కిక్కిరిసింది. చిలక కేసంటే కల్లుదుకాణాలు కూడా ఖాళీ అయ్యాయి. మిల్లు వారి ప్లీడరు లేచి నన్ను అడిగిన మొదటి ప్రశ్న, పక్షికి పళ్ళుంటాయా అని. లేవన్నాను. శాఖ వారి ఫారంలో వయసు పళ్ళను బట్టే రాయాలని ఉందా లేదా అన్నాడు. ఉందన్నాను. అయితే ఈ పత్రం శాఖ నిబంధనలకు విరుద్ధమేగా అన్నాడు. జనం నవ్వారు. జ్ఞానసుందరమ్మ గారు మాత్రం నేల చూస్తూ నిలబడ్డారు.

నేను మేజిస్ట్రేటు గారి వైపు తిరిగి, పోల్చి చూపడానికి అనుమతి ఇవ్వండన్నాను. ఆయన ఒప్పుకున్నారు. మస్తాన్ తెచ్చిన రెండింటినీ, స్టేషనులో ఉన్నదాన్నీ ఒకేలాంటి మూడు పంజరాల్లో పెట్టి బల్ల మీద ఉంచారు. మూడూ పచ్చనివే, మూడింటికీ మెడలో పట్టీ లేదు. ఏది ఎవరిదో మేజిస్ట్రేటు గారికి, నాకు, మస్తాన్‌కు తప్ప తెలియదు. నేను కళ్ళ గురించి మొదలుపెట్టబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టి వీరరాఘవయ్య గారిని పిలిచారు. పద్దెనిమిదేళ్ళు పెంచిన పక్షిని ఏ ఫారం లేకుండానే గుర్తుపట్టొచ్చు కదా, చూపించండన్నారు.

వీరరాఘవయ్య గారు ధీమాగా వచ్చారు. మొదటి పంజరంలోకి చూసి పక్కకు జరిగారు. రెండోదాంట్లోకి చూసి, “ఇది పిల్లండి” అని తనంతట తనే అన్నారు. మూడోదాని ముందు ఆగారు. ముఖం మెత్తబడింది. “ఇదిగోనండి మా చిట్టెమ్మ” అన్నారు.

“అది మా ఇంటిదండయ్యా, బాపట్లది” అన్నాడు మస్తాన్ వెనక నుంచి.

ఆయన పిల్ల అని తీసేసిన రెండోది టీచరు గారి దగ్గర పట్టుకొచ్చిన చిలక. మేజిస్ట్రేటు గారు కళ్ళజోడు పెట్టుకుని మూడింటి కళ్ళూ చూశారు. నా పత్రాన్ని సాక్ష్యంగా తీసుకుని ఫిర్యాదు కొట్టేశారు. పక్షిని ఆవిడకు ఇప్పించారు.

అందరూ నా తెలివిని మెచ్చుకున్నారు గాని, నాకు ఒళ్ళు మండిపోయింది. చూస్తే వీరరాఘవయ్య గారికీ తెలిసింది. ముసలి పక్షేదో పిల్ల ఏదో ఆ కళ్ళకు ఒక్క నిమిషంలో తెలిసింది. నా వసారాలో తల తిప్పి ఆ నిమిషం చూసి ఉంటే ఒక మనిషి ఏడు వారాలు బజార్లో తలవంచుకుని నడిచేది కాదు. తప్పుడు ఫిర్యాదు ఎందుకిచ్చావని ఆయన్ను అడిగినవాళ్ళు లేరు. బడి వాళ్ళు ఆవిడను తిరిగి రమ్మని ఒక నౌకరుతో కబురు పంపారు, అంతే. తెనాలి నుంచి నాకొక మెమో వచ్చింది. అనుమతి లేకుండా బయటి పక్షులను కోర్టులో ఎందుకు ప్రవేశపెట్టావో సంజాయిషీ ఇవ్వమని. ఇచ్చాను. జవాబు రాలేదు.

ఆ తరువాత పాతికేళ్ళు ఉద్యోగం చేసి, మిగతా సర్వీసు వదులుకుని ముందుగానే విరమించాను. ఆ కేసు నుంచి నేను నేర్చుకున్నది ఇది. ఇంకొకరు చెప్పిన మాటను మన సంతకం పైన రాస్తే, చెప్పినవాడు తప్పుకుంటాడు, సంతకం మిగులుతుంది. కనుక చూసినంత మేరకే రాయాలి, చూడనిది ‘తెలియదు’ అని రాయాలి. రేపల్లె తరువాత నేనిచ్చిన పత్రాల్లో ‘తెలియదు’ అన్న మాట చాలాసార్లే ఉంది. దాని మీద నన్ను కోర్టుకు పిలిచినవాళ్ళు ఒక్కరూ లేరు.